బయటికి నిండు బటన్, లోపల తీగలు

వెడల్పు టైర్ల కారు వాడేవాళ్ళకి ముందుగా ఓ మాట. నిలబడి చూసి టైరు బాగుందనుకోకండి. మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి లోపలికి పెట్టి, వెనక చక్రం లోపలి అంచు తడమండి. మా కారు వెనక ఎడమ టైరు బయటినుంచి చూస్తే ఇంకో ఏడాది హాయిగా నడిచేలా ఉంది. బటన్ (టైరు మీది రబ్బరు దిమ్మలు) నిండుగా ఉంది, పక్కలు నున్నగా ఉన్నాయి. లోపలి అంచున మాత్రం రెండు వేళ్ళ మేర రబ్బరే లేదు, తీగలు తేలిపోయాయి.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు, రొయ్యల వ్యాపారం. చెరువుల మీదకి తిరగడానికి వేరే బండి ఉంది కానీ, తీరా బయల్దేరే వేళకి ఏది వాకిట్లో ఉంటే అది తీస్తాం. ఈ కారు హైదరాబాదులో సెకండ్ హ్యాండ్‌లో కొన్న జర్మన్ సెడాన్. కంపెనీ పేరు చెప్పను. వెనక చక్రాలకి డ్రైవూ, మల్టీ లింక్ సస్పెన్షనూ (ఒక్కో చక్రాన్నీ విడివిడిగా కొన్ని కడ్డీలతో పట్టి ఉంచే ఏర్పాటు) ఉన్న ఏ పెద్ద కారుకైనా ఈ కథ సరిపోతుంది. ముందు టైర్లు 245/45 ఆర్18, వెనకవి 275/40 ఆర్18, నాలుగూ రన్‌ఫ్లాట్లే. అంటే గాలి పూర్తిగా పోయినా పక్క గోడల బలం మీద కొంత దూరం నెమ్మదిగా నడిచే రకం. అందుకే డిక్కీలో స్టెప్నీ ఉండదు.

సంగతి బయటపడింది గాలి దిగడం వల్ల. డాష్‌బోర్డులో టైరు గుర్తు వెలగడం, గాలి కొట్టిస్తే ఆరడం, నాలుగు రోజులకి మళ్ళీ వెలగడం. పాలకొల్లు రోడ్డులో పంచరు షాపు కుర్రాడు చక్రం ఊడదీసి నీళ్ళ తొట్టిలో ముంచాడు. బటన్ వైపు ఒక్క బుడగ రాలేదు. చక్రాన్ని మెల్లగా తిప్పుతూ ఉంటే రిమ్ము లోపలి అంచు దగ్గర ఆగి ఆగి సన్న బుడగలు వచ్చాయి. అక్కడ రిమ్ముకి చిన్న నొక్కు. "ఎక్కడో గట్టి గోతిలో పడిందండి" అంటూ చక్రాన్ని బోర్లా తిప్పాడు. ఆ తర్వాత మాట మింగేసి, "ఇదేంటండి బాబూ, ఇలా తిరుగుతున్నారా" అన్నాడు. అప్పుడు చూశాను తీగల్ని.

ఆ సాయంత్రానికే ఊరంతా వైద్యులైపోయారు. గాలి ఎక్కువ కొట్టిస్తున్నారండి అని ఒకరు, నైట్రోజన్ పట్టించండి అని ఇంకొకరు. రన్‌ఫ్లాట్లు పీకేసి మామూలు టైర్లు వేయించెయ్ అని మా చిన్నాన్న. మా బావైతే తీర్పే ఇచ్చేశాడు: "ఆ కార్లకి వెనక చక్రాలు లోపలికి వాల్చే ఇస్తార్రా. లోపలంచు అరగడం వాటి జాతి లక్షణం. డబ్బులుంటే టైర్లు మార్చుకో, లేకపోతే కారు మార్చుకో."

బావ మాటలో సగం నిజం ఉంది, చిక్కంతా ఆ సగంతోనే. ఈ కార్లకి వెనక నెగటివ్ కాంబర్ ఇస్తారు. అంటే వెనక నిలబడి చూస్తే చక్రాల పైభాగం కాస్త లోపలికి వాలి ఉంటుంది, ఒకటిన్నర రెండు డిగ్రీల దాకా. మలుపులో కారు ఒరిగినప్పుడు బయటి వైపు టైరు నేలకి నిండుగా ఆనడానికి ఆ ఏర్పాటు. తిన్నగా పోయేటప్పుడు బరువు లోపలి అంచు మీద కాస్త ఎక్కువ పడుతుంది కాబట్టి అక్కడ తొందరగా అరుగుతుంది కూడా. కానీ పద్నాలుగు వేల కిలోమీటర్లకే ఒక అంచు తీగలు తేలి, రెండో అంచున ఐదు మిల్లీమీటర్ల పైన మిగిలిందంటే కాంబర్ ఒక్కటే చేసిన పని కాదది. "ఈ కార్లంతే" అన్న మాట షాపులవాళ్ళకి చాలా సుఖం. వెతకక్కర్లేదు, టైరు అమ్ముకోవచ్చు.

టైరు లోతు కొలిచే గేజి తెప్పించాను. కొన్ని వందల రూపాయల వస్తువు, చిన్న పుల్ల గాడిలోకి దిగి అంకె చూపిస్తుంది. కొత్త టైరుకి గాడి లోతు ఎనిమిది మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. 1.6 మిల్లీమీటర్లకి దిగితే చట్టం ప్రకారం టైరు పని అయిపోయినట్టే. గాడుల అడుగున చిన్న చిన్న దిమ్మలుంటాయి చూడండి, ఆ ఎత్తు అదే. ఒక్కో టైరుకి మూడు చోట్ల, బయట, మధ్య, లోపల కొలిచి రాసుకున్నాను. వెనక కుడి టైరు: బయట 5.6, మధ్య 5.1, లోపల 3.2. వెనక ఎడమ: బయట 5.4, మధ్య 4.6, లోపల పుల్ల దిగడానికి గాడే లేదు. ముందు రెండూ దాదాపు సమానం.

ఈ అంకెలు రాసుకున్నాక బావ సిద్ధాంతం నిలవలేదు. రెండు వెనక చక్రాలకీ ఒకే డిజైను, ఒకే కాంబర్, ఒకే డ్రైవరు, ఒకే ప్రయాణాలు. జాతి లక్షణమైతే రెండూ ఒకేలా అరగాలి. కుడి టైరు అరుగుదలలో కొంత ఆ లక్షణం ఉందనుకోవచ్చు. ఎడమదానికి మాత్రం సొంత జబ్బు ఏదో ఉంది.

గాలి మాట కూడా అక్కడే తేలిపోయింది. గాలి ఎక్కువైతే టైరు మధ్యలో అరుగుతుంది, తక్కువైతే రెండు అంచులూ కలిసి అరుగుతాయి. ఒక్క అంచు మాత్రమే పోయిందంటే గాలికి సంబంధం లేదు. షాక్ అబ్జార్బర్లు పోతేనో బ్యాలెన్సింగ్ లేకపోతేనో టైరు చుట్టూ అక్కడక్కడా గుంటలు పడతాయి, చక్రం తిరిగేటప్పుడు గుయ్‌మనే మోత వస్తుంది. నాది చుట్టూ ఒకే తీరున అరిగింది. ఇక మిగిలింది టో.

పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగాయా బయటికి తిరిగాయా అన్నదే టో. దీన్ని పట్టుకోవడానికి యంత్రం కూడా అక్కర్లేదు, అరిచెయ్యి చాలు. టైరు బటన్ మీద అడ్డంగా, బరువు వెయ్యకుండా, లోపల్నుంచి బయటికి రాయండి, మళ్ళీ బయట్నుంచి లోపలికి రాయండి. రెండూ ఒకేలా ఉంటే మంచిదే. నా టైరు మీద లోపల్నుంచి బయటికి రాస్తే నున్నగా జారింది. బయట్నుంచి లోపలికి రాస్తే రంపప్పళ్ళలా ప్రతి వరసకీ చర్మం తగులుకుంది. అంటే ప్రతి బటన్‌కీ లోపలి వైపు గుండ్రంగా అరిగి, బయటి అంచు పదునుగా నిలిచింది. చక్రం ముక్కు బయటికి తిరిగి, టైరుని పక్కకి ఈడ్చుకుంటూ పోయినప్పుడు పడే గుర్తు అది. దాన్ని టో అవుట్ అంటారు. పదును లోపలికి ఉంటే అందుకు తలకిందులు. వాలిన చక్రానికి టో అవుట్ కూడా తోడైతే లోపలి అంచు నిలవదు.

ఇంకో సలహా కూడా వచ్చింది, చెప్పి తీరాలి: "లోపలే కదా అరిగింది, రిమ్ము మీద టైరు తిప్పి వేసేద్దాం." మా టైర్లు రెండు వైపులా ఒకేలా ఉండేవి కావు. పక్క మీద అవుట్‌సైడ్ అని అచ్చు పోసి ఉంటుంది, ఆ వైపు బయటికే ఉండాలి. ముందు వెనక సైజులు వేరు కాబట్టి అటుదిటు మార్చే దారీ లేదు. అయినా తీగలు తేలిన టైరుని ఏ వైపు తిప్పితే మాత్రం ఏం లాభం?

చక్రాల కోణాలు కొలిచి సర్దే అలైన్‌మెంట్ షాపు దగ్గర్లో ఉంటే పట్టుకెళ్ళాను. కుర్రాడు చురుకైనవాడే. నాలుగు చక్రాలకీ పలకలు తగిలించాడు, కెమెరాలు చూశాయి, తెర మీద అంకెలు పడ్డాయి. ముందు చక్రాల టో కాస్త సరిచేసి, స్టీరింగ్ తిన్నగా పెట్టి, కాగితం చేతిలో పెట్టాడు. అంతా పచ్చ రంగే. వెనక ఎడమ టో కూడా పచ్చే.

"మరి ఈ టైరేంటయ్యా" అన్నాను.

"వెనక సెట్టింగ్ ఉండదండి. ఉన్నదే అంత."

చిన్న కార్లకి అతను చెప్పింది నిజమే. వాటికి వెనక రెండు చక్రాల్నీ కలిపే ఒకే ఇరుసు ఉంటుంది, మామూలుగా సర్దడానికి అందులో ఏమీ ఉండదు. అతని దగ్గరికి రోజూ వచ్చేవి అవే. మా కారుకి వెనక ప్రతి చక్రానికీ విడివిడిగా లింకులుంటాయి, టోకీ కాంబర్‌కీ వేర్వేరు బోల్టులుంటాయి. ఆ బోల్టు వాషరు మధ్యలో కాకుండా పక్కకి జరిగిన చిల్లుతో ఉంటుంది, తిప్పితే లింకు జరుగుతుంది. పిట్‌లోకి దిగి టార్చి వేసి చూపించాను. చూశాడు, తల గోక్కున్నాడు. "ఉన్నాయండి. కానీ తుప్పుతో కలిసిపోయాయి. విరిగితే మీకూ నాకూ గొడవ. నేను ముట్టుకోను." ఆ మాట నాకు నచ్చింది. చెయ్యలేని పని చెయ్యలేనని చెప్పడం మంచిదే.

అతను చేసిన పనిలో ఒక్కటి మాత్రం నాకు తర్వాత అర్థమైంది. కొన్నాళ్ళుగా హైవే మీద తిన్నగా పోతున్నా స్టీరింగ్ కాస్త ఎడమకి వాలి ఉండేది. వెనక ఎడమ చక్రం బయటికి చూస్తుంటే కారు వెనక భాగం ఆ పక్కకి లాగుతుంది, దాన్ని సరిదిద్దడానికి తెలియకుండానే మనం స్టీరింగ్ ఎడమకి పట్టుకుంటాం. జబ్బు వెనక ఉందని కారు చెబుతున్న గుర్తు అది. ముందు చక్రాల దగ్గర సర్ది స్టీరింగ్ తిన్నగా పెట్టేస్తే ఆ గుర్తు చెరిగిపోయింది, జబ్బు అలాగే ఉంది.

పచ్చ కాగితం ఒకటి చెబుతోంది, టైరు ఇంకోటి చెబుతోంది. నేను టైరునే నమ్మాను. యంత్రం చూసింది కదలకుండా నిలబడ్డ కారుని, కొన్ని నిమిషాలు. టైరు రోడ్డు మీద వేల కిలోమీటర్లు తిరిగింది.

రాజోలు వైపు ఒక మేస్త్రీ ఉన్నాడని తెలిసింది. కువైట్‌లో చాలా ఏళ్ళు ఇలాంటి కార్ల మీదే పనిచేసి, వచ్చి ఊళ్ళో రేకుల షెడ్డు వేసుకున్నాడు. కోనసీమలో గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళ చేతుల్లో ఉన్న పనితనం ఎంతో, బోర్డుల మీద కనిపించదు. ఫోనులో సంగతంతా విని ఆయన అడిగింది ఒక్కటే. "అలైన్‌మెంట్ కుర్రాణ్ణి మళ్ళీ కొలవమనండి. ఏమీ సర్దొద్దు. కారు వెనక్కి దొర్లించి, గట్టిగా బ్రేకు పట్టి ఓ కాగితం తీయమనండి. తర్వాత ముందుకి దొర్లించి, అలాగే బ్రేకు పట్టి ఇంకో కాగితం. రెండూ పట్టుకు రండి. ఆ టైరు కూడా తెండి, పారెయ్యకండి."

కొలిచాం. ఒక కాగితంలో వెనక ఎడమ టో ప్లస్ 0.06 డిగ్రీలు, పచ్చ. రెండో కాగితంలో మైనస్ 0.20, ఎర్ర. మైనస్ అంటే టో అవుట్. కుడి చక్రం మాత్రం రెండింట్లోనూ ఇంచుమించు ఒకే అంకె. అలైన్‌మెంట్ కుర్రాడు యంత్రమే పాడైందనుకుని ఇంకోసారి కొలిచాడు, మళ్ళీ అంతే. అదే కారు, అదే నేల, రెండుసార్లు కొలిస్తే రెండు లెక్కలు వస్తున్నాయంటే మధ్యలో ఏదో వదులుగా ఉన్నట్టు. వదులున్న చోట ఎంత సర్దినా ఆ సర్దుబాటు గేటు దాటేదాకా కూడా నిలవదు.

0.20 డిగ్రీలంటే చాలా చిన్నదనిపిస్తుంది. లెక్క వేస్తే తెలిసింది: చక్రం అంత కోణంలో ఉండిపోతే కిలోమీటరుకి మూడున్నర మీటర్లు టైరుని పక్కకి ఈడ్చినట్టు. నాలుగొందల కిలోమీటర్ల ప్రయాణంలో పద్నాలుగొందల మీటర్లు. ఎప్పుడూ అంతే ఉండదనుకోండి, కానీ రబ్బరు ఎక్కడికి పోయిందో అర్థమైంది.

తీగలు తేలిన టైరు మీద దూరం పోయే ధైర్యం ఎవరూ చెయ్యకూడదు. కొత్తది వేస్తే అదీ ఇలాగే అరిగిపోతుంది. అందుకని విజయవాడ నుంచి అదే సైజు వాడిన టైరొకటి తెప్పించి తాత్కాలికంగా వేయించి, రిమ్ము నొక్కు తీయించి, పాత టైరు డిక్కీలో పడేసుకుని పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటాను.

మేస్త్రీ కారు జోలికి పోలేదు. మొదట ఆ పాత టైరు దింపమన్నాడు. నేల మీద నిలబెట్టి, చుట్టూ దొర్లిస్తూ అరిచేత్తో తడుముతూ, ఒక చోట ఆగి బొటనవేలితో నొక్కి, మళ్ళీ దొర్లించాడు. ఒక చుట్టు పూర్తయ్యాక అడిగాడు.

"కాలువ గట్ల మీద తిప్పుతారా అండి దీన్ని?"

"అప్పుడప్పుడూ తప్పదండి."

"లారీ ఎదురొస్తే ఏ చక్రాలు దింపుతారు?"

నాకు అప్పుడు వెలిగింది. మా వైపు సగం రోడ్లు కాలువ గట్ల మీదే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా అల్లుకున్న కాలువలు, వాటి గట్లే మాకు దారులు. ఒక బండి పట్టేంత తారు, పక్కన మట్టి. ఈ ఒండ్రు నేల ఎండకి నెర్రెలు తీస్తుంది, వానకి మెత్తబడి దిగిపోతుంది, తారు అంచు ఎప్పుడూ జానెడు ఎత్తున మిగిలి ఉంటుంది. చేపల లారీ ఎదురొస్తే మనం ఎడమకి దించాలి, అది పోయాక మళ్ళీ ఎక్కించాలి. ముందు ఎడమ చక్రం ఎక్కేటప్పుడు స్టీరింగ్ చేతిలో ఉంటుంది, జాగ్రత్త పడతాం. వెనక ఎడమ చక్రం దాని మానాన అది ఏటవాలుగా అంచుని గుద్దుకుని ఎక్కుతుంది. ప్రతిసారీ.

లిఫ్ట్ ఎక్కించాడు. చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపాడు, బేరింగ్ బాగానే ఉంది. పక్కలు పట్టి ఊపితే ఎక్కడో చిన్న టక్కుమనే చప్పుడు. చెవిలోకి కాదు, చేతికి తెలిసే చప్పుడది. పొడుగాటి ఇనప బారు తెచ్చి చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్మ్‌కీ, అది బిగిసి ఉండే సబ్‌ఫ్రేమ్ అనే చట్రానికీ మధ్య దూర్చి మెల్లగా ఒత్తాడు. "ఇక్కడ టార్చి పట్టండి." ఆ రెండూ కలిసే చోట ఉండే రబ్బరు కీలుని బుష్ అంటారు. బయటికి నల్లగా, నిండుగా కనిపిస్తున్న బుష్ రబ్బరు ఒత్తగానే నోరు తెరిచింది. లోపలి ఇనప గొట్టం నుంచి సగం చుట్టు దాకా ఊడిపోయి ఉంది. చీలికలో నా గోరు పూర్తిగా దిగింది. బారు వదిలేస్తే మళ్ళీ మూసుకుని ఏమీ ఎరగనట్టు కూర్చుంది. ఊరికే చూసి పోయేవాడికి అది ఎన్నటికీ దొరకదు.

"బ్రేకు వేసినప్పుడు ఒక పక్కకీ, యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు ఇంకో పక్కకీ పోతుందండి ఇది. మీ కాగితాలు రెండూ కరెక్టే" అన్నాడు. కుడి వైపు కూడా ఒత్తి చూశాడు. అక్కడ ఇంకా ఊడలేదు కానీ రబ్బరు మీద సన్న పగుళ్ళు మొదలయ్యాయి. చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి, రెండు పక్కలా ఎత్తు సమానంగానే ఉందని స్ప్రింగుల మీద అనుమానం కొట్టేశాడు. స్ప్రింగు కుంగితే కాంబర్ పెరిగి ఇలాంటి అరుగుదలే వస్తుందట, అందుకని చూడక తప్పదు.

బుష్ ఒక్కటే నొక్కి మార్చొచ్చు, లేదా ఆర్మ్ మొత్తం మార్చొచ్చు. సరైన ప్రెస్ పనిముట్టు లేకుండా బుష్ కొడితే ఆర్మ్ వంగుతుందని ఆయన మొత్తం ఆర్మ్‌లే, అదీ రెండు వైపులా తెప్పించమన్నాడు. సర్దే బోల్టులు కూడా కొత్తవి రాయమన్నాడు. సామాను హైదరాబాదు నుంచి బస్సు పార్సిల్‌లో వచ్చింది.

అసలు యుద్ధం బోల్టుల దగ్గర జరిగింది. మా రోడ్ల మీద తిరిగే చేపల బళ్ళు, రొయ్యల బళ్ళు దారి పొడవునా ఉప్పు నీళ్ళు కార్చుకుంటూ పోతాయి. ఆ నీళ్ళు మన చక్రాలు చిమ్మి అడుగునంతా కొడతాయి. ఈ కార్లకి బోల్టు బుష్ లోపలి గొట్టంలోంచి పోతుంది, రెంటి మధ్య తుప్పు పట్టి ఒకే ముక్కైపోతాయి. నూనె పోసి రాత్రంతా వదిలేశారు, కదల్లేదు. వేడి చేశారు, కదల్లేదు. చివరికి గ్రైండరు తీశాడు. పక్కనే ఉన్న ట్యాంకు మీదా బ్రేకు పైపుల మీదా తడి గోనె సంచులు కప్పి, కుర్రాణ్ణి నీళ్ళ బకెట్‌తో నిలబెట్టి, బోల్టు రెండు చోట్ల కోశాడు. నిప్పురవ్వలు, కాలిన రబ్బరు కంపు. తెగిన ముక్క చేతికిచ్చాడు, గొట్టం ఏదో బోల్టు ఏదో తెలియలేదు. కొత్త బోల్టుకి ఒళ్ళంతా కాపర్ గ్రీజు రాసి ఎక్కించాడు, ఈసారి ఎవరైనా సర్దాలంటే తిరగాలి కదా.

బోల్టులు ఎక్కించాక బిగించేస్తారనుకున్నాను. బిగించలేదు. చక్రం గాల్లో వేలాడుతుండగా బిగిస్తే బుష్ రబ్బరు ఆ స్థితిలోనే పట్టుబడిపోతుందట. కారు కిందికి దిగి బరువు పడగానే రబ్బరు మెలితిరిగి, ఆ మెలికలోనే బతుకంతా గడిపి, తొందరగా చిరుగుతుంది. అందుకని హబ్ కింద జాకీ పెట్టి, ముందు టేపుతో కొలిచిన ఎత్తు వచ్చేదాకా లేపి, అప్పుడు టార్క్ రెంచితో బిగించాడు. కారు బాగు చేయించేవాళ్ళు ఈ ఒక్క పని జరుగుతుందో లేదో దగ్గరుండి చూసుకోండి. కొత్త బుష్ ఏడాదికే పోయిందని కంపెనీని తిట్టేవాళ్ళలో చాలామంది సామాను గాల్లోనే బిగిసి ఉంటుందని నా అనుమానం.

అప్పుడు కొత్త టైర్లు. వెనక రెండూ జతగానే, అదే రకం. ఒక్కోటి పాతిక వేల పైమాటే. షాపులో చూపించిన మొదటి జత పక్క మీద తేదీ వెతికాను. డీఓటీ అక్షరాల వరస చివర నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాత రెండూ ఏడాది. 3423 అంటే 2023లో 34వ వారం. చూపించిన రెండింటికీ తయారీ ఏళ్ళు వేరు. ఒకే ఏడాదివి వచ్చేదాకా ఆగాను. రన్‌ఫ్లాట్లు మానేద్దామా అని ఆలోచించాను, మామూలు టైర్లు మెత్తగానూ ఉంటాయి, చవకగానూ వస్తాయి. కానీ స్టెప్నీ లేని కారు, అర్ధరాత్రి లంక దారిలో గాలి పోతే ఈ సైజు టైరు ఎవరి దగ్గరా దొరకదు. రన్‌ఫ్లాట్లతోనే ఉండిపోయాను. మా చిన్నాన్నకి ఇప్పటికీ అది నచ్చలేదు.

ఆఖర్న అలైన్‌మెంట్. "అది చివరి పని బాబూ. మొదట చేయిస్తే కాగితం కొనుక్కున్నట్టే" అన్నాడు మేస్త్రీ. ఈసారి మా మోడలు వివరాలన్నీ యంత్రంలో ఉన్న విజయవాడ షాపుకి వెళ్ళాను. వాళ్ళు మొదట నాలుగు టైర్ల గాలీ సరిచేశారు, ఎత్తు కొలిచి యంత్రానికి చెప్పారు. కొన్ని జర్మన్ మోడళ్ళకైతే ట్యాంకు నింపి, సీట్లలో 68 కిలోల చొప్పున బరువులు పెట్టి కొలవాలి. మనుషులు కూర్చున్నప్పుడు కారు ఎంత కుంగుతుందో ఆ లెక్క మీదే కంపెనీ అంకెలుంటాయి. వెనక కాంబర్, వెనక టో, ఆ తర్వాతే ముందు చక్రాలు. వెనక రెండు చక్రాలు కలిసి ఎటు తోస్తున్నాయో తేలాకే స్టీరింగ్ ఎక్కడ తిన్నగా ఉండాలో తెలుస్తుంది. అయ్యాక కారుని ముందుకీ వెనక్కీ దొర్లించి మళ్ళీ కొలవమన్నాను. ఎందుకని అడిగారు. పాత కాగితాలు చూపించాను. కొలిచారు, అంకె కదల్లేదు.

గాలి సంగతి రెండు ముక్కల్లో. డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద ముందుకి వేరే, వెనక్కి వేరే, నిండా జనం ఎక్కితే వేరే అంకెలుంటాయి. బంకులో కుర్రాడు నాలుగింటికీ ముప్పై ఐదు కొట్టేస్తాడు, వద్దనండి. పొద్దున్నే, బండి తియ్యకముందు, మీ సొంత గేజితో చూసుకోండి. ప్రతి ఐదారు డిగ్రీల వేడికీ ఇంచుమించు ఒక పీఎస్‌ఐ (గేజి మీద గాలి ఒత్తిడి అంకె) పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం హైవే మీద ఎక్కువ చూపించిందని గాలి తీసేస్తే రాత్రికి తక్కువైపోతుంది.

ఇప్పుడు వెనక టైర్లు ఆరువేల కిలోమీటర్లు తిరిగాయి. నిన్న కొలిస్తే ఎడమది బయట 6.9, మధ్య 6.8, లోపల 6.5. కుడిదీ దాదాపు అంతే. ఆ చిన్న తేడా కాంబర్‌ది, బావ చెప్పిన జాతి లక్షణం. దాన్ని వదిలేశాను. అరిచెయ్యి అటు రాసినా ఇటు రాసినా ఒకేలా జారుతోంది. గట్ల మీద లారీ ఎదురొస్తే ఇప్పుడు కారు పూర్తిగా ఆపి, అంచు తక్కువున్న చోట చూసి ఎక్కిస్తున్నాను. వెనక బండివాడు హారన్ కొట్టుకుంటాడు. టైరు కొలుస్తూ ముందు ఎడమ చక్రం వెనక టార్చి వేస్తే అక్కడి ఆర్మ్ బుష్ చుట్టూ నూనె చెమ్మ కనిపించింది. లోపల ద్రవం ఉండే రకం బుష్ అది, చిరిగితే అలాగే కారుతుంది. ఫొటో తీసి మేస్త్రీకి పంపాను. "పంట పట్టేశాక తీసుకురండి, ఈలోగా బ్రేకు వేసేటప్పుడు స్టీరింగ్ వణుకుతుందేమో చూసుకోండి" అన్నాడు.